సౌరకుటుంబం అవతల నివాసయోగ్య గ్రహాన్ని వెతకడం ఎలా?

1995లో మిషెల్ మేయర్, డిడియే కెలో అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ 4.2 రోజులకొకసారి తిరిగివచ్చే ఒక భారీ వాయుగ్రహాన్ని కనుగొన్నారు. సూర్యుని వంటి మరో తారకు గ్రహం ఉందని రుజువు కావడం అదే మొదటిసారి. అప్పటినుంచి 2025 సెప్టెంబరు నాటికి ధ్రువపడిన గ్రహాల సంఖ్య ఆరు వేలు దాటింది. అయితే వాటిలో నేల గట్టిగా ఉండి, ఆ నేలమీద నీరు నీరుగానే నిలవగల అవకాశం ఉన్నవి చాలా తక్కువ. వాటిని వెతికే పనిలో మీరూ పాలు పంచుకోవచ్చు. అందుకు కావలసిన డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది, ఒక మామూలు కంప్యూటరు సరిపోతుంది. ఓపికతో పాటు, మనకు కనిపించిన సంకేతాన్ని మనమే శంకించగల మనస్సు కూడా కావాలి.

ఈ వ్యాసంలో ప్రతి అడుగునూ టీఓఐ-700 అనే నక్షత్రంతో సాధన చేయిస్తాను. అది డొరాడో రాశిలో సుమారు 100 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చిన్న ఎర్ర తార. దాని చుట్టూ తిరిగే ‘డి’ అనే గ్రహం భూమి పరిమాణంలో, నివాసయోగ్య మండలంలో (నేలమీద నీరు నీరుగానే నిలవగల దూరాల పరిధిలో) ఉందని 2020 జనవరిలో ప్రకటించారు. జవాబు ముందే తెలిసిన లెక్కతో చేయి తిప్పుకున్న తరువాతే జవాబు తెలియని లెక్కకు వెళ్లడం మంచిది.

దేనికోసం వెతుకుతున్నామో ముందు లెక్క కట్టండి

గ్రహం తన తారకూ మనకూ మధ్యగా వెళ్లినప్పుడు తార వెలుగు కొద్దిగా తగ్గి, కొన్ని గంటల తరువాత మళ్లీ యథాస్థితికి వస్తుంది. దీనిని ట్రాన్సిట్ అంటారు. వెలుగు ఎంత తగ్గుతుందనేది గ్రహం వ్యాసార్థాన్ని తార వ్యాసార్థంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే తెలుస్తుంది. సూర్యుని వ్యాసార్థం భూమికి 109 రెట్లు కాబట్టి, దూరం నుంచి చూసేవారికి భూమి అడ్డు వచ్చినప్పుడు సూర్యుని వెలుగులో తగ్గేది పది లక్షల్లో 84 వంతులు మాత్రమే. అది కూడా ఏడాదికి ఒక్కసారి, సుమారు 13 గంటలపాటు జరుగుతుంది. పైగా భూమి కక్ష్య చూసేవారి దృష్టిరేఖలో సరిగ్గా ఒదగాలి. ఆ అవకాశం 215లో ఒకటి.

అదే ఎర్ర తారల విషయానికి వస్తే లెక్క మనకు అనుకూలంగా మారుతుంది. టీఓఐ-700 వ్యాసార్థం సూర్యునిలో 0.42 వంతు. దాని ముందు భూమికి 1.14 రెట్లు ఉన్న గ్రహం వెళితే వెలుగు పది లక్షల్లో సుమారు 620 వంతులు తగ్గుతుంది. తార చల్లనిది కావడంతో నీరు నిలిచే దూరం కూడా దగ్గరగానే ఉంటుంది, కాబట్టి గ్రహం ఏడాదికి కాక 37.4 రోజులకే మరొకసారి అడ్డు వస్తుంది. మన పాలపుంతలోని తారల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇటువంటి ఎర్రని చిన్న తారలే. అందుకే కొత్తగా వెతికేవారు వీటితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

తారను ఎంచుకుని, దాని సంగతి ముందే తెలుసుకోండి

2018 ఏప్రిల్‌లో నింగికెగసిన టెస్ అనే నాసా అంతరిక్ష దూరదర్శిని ఆకాశాన్ని సెక్టార్లుగా విభజించి ఒక్కో సెక్టారును సుమారు 27 రోజులు చూస్తుంది. 37 రోజులకొకసారి వచ్చే ట్రాన్సిట్ ఒక సెక్టారులో ఒక్కసారి కనిపించవచ్చు, లేదా అసలు కనిపించకనే పోవచ్చు. అందువల్ల ఎక్కువ సెక్టార్లలో నమోదైన తారలను ఎంచుకోవాలి. క్రాంతివృత్త ధ్రువాలకు, అంటే భూమి కక్ష్యాతలానికి లంబంగా ఉండే రెండు దిక్కులకు దగ్గరగా ఉన్న ప్రాంతాలను టెస్ పలుమార్లు చూస్తుంది. టీఓఐ-700 మొదటి ఏడాదిలోనే 11 సెక్టార్లలో నమోదైంది.

టెస్ పట్టికలో ప్రతి తారకూ ఒక సంఖ్య ఉంటుంది. టీఓఐ-700 సంఖ్య 150428135. ఆ సంఖ్యతో మాస్ట్ అనే డేటా నిధిలోనూ, ఎక్సోఫాప్ అనే సమాచార వేదికలోనూ వెతికి తార వ్యాసార్థం, ద్రవ్యరాశి, ఉపరితల ఉష్ణోగ్రత, ఈ మూడింటినీ ఒక కాగితంమీద రాసి పెట్టుకోండి. గయా ఉపగ్రహం కొలిచిన దూరాన్నీ చూడండి. గయా పట్టికలో ఆర్‌యూడబ్ల్యూఈ అనే అంకె 1.4 దాటితే అది ఒంటరి తార కాకపోవచ్చని గుర్తుపెట్టుకోండి. ఈ కాగితాన్ని చాలామంది చివరన రాస్తారు. మొదటే ఎందుకు రాయమంటున్నానో ముందుముందు తెలుస్తుంది.

కాంతి వక్రరేఖను కంటితో చూడండి

కాలంతోపాటు తార వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫును కాంతి వక్రరేఖ అంటారు. దీనిని తెచ్చుకోవడానికి లైట్‌కర్వ్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీ ఉంది. తార సంఖ్యను ఇచ్చి, రెండు నిమిషాలకొక కొలత ఉన్న ఫైళ్లను కోరితే అదే మాస్ట్ నుంచి దించుకుంటుంది. ఫైలులో రెండు రకాల కొలతలు ఉంటాయి. ఎస్‌ఏపీ అనేది పిక్సెళ్ల వెలుగును ఉన్నదున్నట్టు కూడిన మొత్తం. పీడీసీఎస్‌ఏపీ అనేది పరికరం వల్ల వచ్చే లోపాలను సరిచేసిన మొత్తం. వెతకడానికి రెండవది వాడండి. కానీ ఏదైనా ఆసక్తికరంగా కనిపించిన ప్రతిసారీ మొదటిదానితో పోల్చి చూడండి, ఎందుకంటే సరిదిద్దే ప్రక్రియే ఒక్కోసారి లేని గుంటను పుట్టిస్తుంది. ఫైలులోని కాలానికి 2457000 కలిపితేనే ఖగోళ శాస్త్రంలో వాడే జూలియన్ దినసంఖ్య వస్తుందన్న సంగతీ మరచిపోవద్దు.

సగటు వెలుగు 1గా ఉండేలా సర్ది గ్రాఫు గీయండి. ఏ ప్రోగ్రామూ నడపకుండా కొంతసేపు దానినే చూడండి. మధ్యలో ఒక ఖాళీ కనిపిస్తుంది. టెస్ తన 13.7 రోజుల కక్ష్యలో భూమికి దగ్గరగా వచ్చి డేటా పంపిన సమయం అది. ఆ ఖాళీకి ఇరువైపులా గీత వంగడం, ఎగబాకడం సాధారణం. భూమి, చంద్రుల నుంచి కెమెరాల్లోకి చెదిరి పడిన వెలుగే అందుకు కారణం, కాబట్టి అక్కడ కనిపించే గుంటలను తేలికగా నమ్మవద్దు. మొత్తం గీత అలలా నెమ్మదిగా ఎగసి పడుతుంటే తారమీది మచ్చలు దానితోపాటు తిరుగుతున్నాయని అర్థం. ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచి మెల్లగా దిగితే అది తార విడిచిన జ్వాల.

టీఓఐ-700 గ్రాఫులో 16 రోజులకొకసారి ఒక గుంట కంటికే దొరుకుతుంది. అది భూమికి రెండున్నర రెట్లకు పైగా ఉన్న ‘సి’ గ్రహానిది. 1.0000 దగ్గర గుమిగూడిన చుక్కలు 0.9967 దాకా జారి, కాసేపు అక్కడే ఉండి, మళ్లీ పైకి వస్తాయి. మనకు కావలసిన ‘డి’ గ్రహపు గుంట 0.9994 దగ్గరే ఆగిపోతుంది. చుక్కల చెదురు అంతకంటే ఎక్కువ కాబట్టి అది అలా చూస్తే కనిపించదు.

చదును చేయండి, కానీ గుంటను పూడ్చేయకండి

తార మచ్చల వల్ల వచ్చే నెమ్మదైన అలలను తొలగించడానికి లైట్‌కర్వ్‌లో గీతను చదును చేసే సౌకర్యం ఉంది. కొత్తవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఏమీ చెప్పకపోతే ఆ ప్రోగ్రాము ఒకేసారి 101 కొలతల నిడివిని తీసుకుని సగటు ధోరణిని లెక్కిస్తుంది. రెండు నిమిషాల కొలతలైతే అది సుమారు మూడు గంటల ఇరవై నిమిషాలు. ‘డి’ గ్రహపు ట్రాన్సిట్ నిడివి కూడా మూడు గంటల పైచిలుకే. అంటే గుంటనే అలగా భావించి ప్రోగ్రాము దానిని చాలావరకు పూడ్చివేస్తుంది. ఏళ్ల తరబడి సేకరించిన సంకేతం ఒక్క మీటతో పోతుంది! నిడివిని 401 కొలతలకో, అంతకు పైకో పెంచి మళ్లీ చదును చేయండి. ట్రాన్సిట్ ఎంతసేపు ఉంటుందని మీరు అంచనా వేస్తారో దానికి కనీసం మూడు రెట్లు ఉండాలన్నది మంచి కొలమానం.

ఆ తరువాత సెక్టార్లన్నింటినీ ఒకటిగా కుట్టి, బాక్స్ లీస్ట్ స్క్వేర్స్ అనే పద్ధతితో పరిభ్రమణ కాలాన్ని వెతకండి. ఇది 2002లో వెలువడిన పద్ధతి. వక్రరేఖను వేలాది కాలవ్యవధుల్లో మడిచి చూసి, ఏ మడతలో గుంటలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయో చెబుతుంది. ముందుగా ‘సి’ దొరుకుతుంది. ఆ ట్రాన్సిట్‌లు పడిన భాగాలను తొలగించి మళ్లీ నడపండి. ఇలా పెద్దవాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే దాదాపు 10 రోజుల ‘బి’, 37.4 రోజుల ‘డి’ బయటపడతాయి. అసలు కాలానికి సగమో, రెట్టింపో కూడా గట్టి సంకేతంగా కనిపిస్తుంది కాబట్టి మూడింటినీ మడిచి పోల్చండి. మూడు వేర్వేరు ట్రాన్సిట్‌లైనా లేని సంకేతానికి కాలం నిర్ణయించే సాహసం చేయవద్దు.

మీ సంకేతాన్ని మీరే పడగొట్టడానికి ప్రయత్నించండి

దొరికిన ప్రతి గుంటా గ్రహం కాదు. గ్రహంలా నటించేవాటిలో మొదటి స్థానం ఒకదానికొకటి అడ్డువచ్చే జంట తారలది. వాటిని పట్టుకోవడానికి మొదటి పరీక్ష సరి, బేసి గుంటలను విడివిడిగా మడిచి లోతులు పోల్చడం. ఒకటి లోతుగా, మరొకటి తక్కువగా ఉంటే అక్కడ రెండు తారలు వంతులవారీగా ఒకదానినొకటి మరుగుపరుస్తున్నాయి, అసలు కాలం మీరనుకున్నదానికి రెట్టింపు. రెండవ పరీక్ష రెండు గుంటల నడుమ, సరిగ్గా సగం దూరంలో చిన్న గుంట ఏదైనా ఉందేమో చూడడం. భూమి అంత గ్రహం తార వెనుకకు వెళ్లినప్పుడు తగ్గే వెలుగు టెస్‌కు తెలియనంత స్వల్పం, కాబట్టి అక్కడ గుంట స్పష్టంగా కనిపిస్తే అది స్వయంగా వెలిగే వస్తువు. మూడవది ఆకారం. చిన్న గ్రహపు గుంటకు అడుగు చదునుగా, తొట్టెలా ఉంటుంది. వాడిగా దిగి వాడిగా లేచే గుంట చాలాసార్లు రెండు తారలు అంచులు రాసుకుని వెళ్లినప్పుడు వస్తుంది.

నాలుగవ పరీక్షను నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను. టెస్‌లోని ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్ సెకన్ల వెడల్పు ఉంటుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). అంత చోటులో మీ తారతోపాటు మరికొన్ని మసక తారలూ ఇమిడిపోగలవు. గుంట వాటిలో ఏదో ఒకదానిది అయివుండవచ్చు. పిక్సెల్ ఫైలును తెరిచి, గుంట పడిన గంటల్లోని చిత్రాన్ని ముందూ వెనుకా ఉన్న చిత్రాల్లోంచి తీసివేయండి. మిగిలిన వెలుగు మీ తార ఉన్న పిక్సెల్‌లోనే ఉందా, పక్కకు జరిగిందా? జరిగితే గుంట పక్క తారది. జరగకపోయినా పక్క తార వెలుగు కలవడంవల్ల లోతు తక్కువగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. మీ తారకు సమానంగా వెలిగే మరొకటి అదే పిక్సెల్‌లో దాగి ఉంటే అసలు లోతు రెట్టింపు, గ్రహం వ్యాసార్థం 1.41 రెట్లు అవుతుంది. 1.14 అనుకున్నది 1.6 అవుతుందన్నమాట, ఆ తేడా ఎంత పెద్దదో తరువాతి లెక్కలో చూస్తారు.

ట్రాన్సిట్ నిడివి కూడా సాక్ష్యం చెబుతుంది. టీఓఐ-700 అంత తార చుట్టూ 37.4 రోజులకు తిరిగే గ్రహం గుండ్రని కక్ష్యలో తార నడిమధ్య నుంచి దాటినా మూడున్నర గంటల్లో దాటిపోవాలి. మీ గుంట పది గంటలుంటే కాలమో, తార పరిమాణమో తప్పు.

గ్రహం ఎంత పెద్దది, ఎంత వెలుగు అందుతోంది?

మొదట రాసిపెట్టిన కాగితాన్ని ఇప్పుడు తీయండి. గుంట లోతు 0.00062. దాని వర్గమూలం 0.0249. దీనిని తార వ్యాసార్థం 0.42తోనూ, 109తోనూ గుణిస్తే 1.14 వస్తుంది. గ్రహం భూమికి 1.14 రెట్లు. సుమారు 1.6 రెట్లకు లోపు ఉన్నవి రాతి గ్రహాలయ్యే అవకాశం ఎక్కువ. దానిని దాటినవాటిలో చాలావరకు మందపాటి వాయుపొర కప్పుకున్నవే.

దూరానికి కెప్లర్ మూడవ నియమం చాలు. 37.4 రోజులంటే 0.1024 సంవత్సరం. దాని వర్గాన్ని తార ద్రవ్యరాశి 0.415తో గుణించి ఘనమూలం తీస్తే 0.1633 వస్తుంది. భూమికీ సూర్యునికీ మధ్య దూరంలో అది ఆరో వంతు. తార వెలుగు కోసం వ్యాసార్థపు వర్గాన్ని, ఉష్ణోగ్రతను సూర్యుని ఉష్ణోగ్రత 5772 కెల్విన్‌తో భాగించగా వచ్చినదాని నాలుగవ ఘాతంతో గుణించాలి. 3480 కెల్విన్ ఉష్ణోగ్రతకు అది సూర్యునిలో 0.0233 వంతు. దీనిని 0.1633 వర్గంతో భాగిస్తే 0.87. అంటే భూమికి సూర్యుని నుంచి అందే శక్తిలో 87 శాతం ఆ గ్రహానికి అందుతోంది.

రవి కుమార్ కొప్పరపు, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన లెక్కల ప్రకారం సూర్యుని వంటి తారల దగ్గర నీరు నిలవగల హద్దులు భూమికి అందే శక్తిలో సుమారు 1.1 రెట్ల నుంచి 0.36 వంతు దాకా ఉంటాయి. ఎర్ర తారలకు ఈ రెండు అంచులూ కొంత కిందికి జరుగుతాయి, ఎందుకంటే ఎర్రని, పరారుణ వెలుగును నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మరింతగా పీల్చుకుని గ్రహాన్ని ఎక్కువగా వేడెక్కిస్తాయి. 0.87 ఆ హద్దుల్లోనే ఉంది.

ఇప్పుడు ఒక ప్రయోగం చేయండి. అదే గుంటను, అదే 37.4 రోజులను పట్టుకుని, తార మాత్రం సూర్యుడంత ఉందనుకుని లెక్క మళ్లీ కట్టండి. గ్రహం భూమికి 2.7 రెట్లవుతుంది, దానికి అందే శక్తి 21 రెట్లవుతుంది. కాంతి వక్రరేఖలో ఒక్క చుక్క కూడా మారలేదు, కానీ నీరు నిలిచే లోకం కాస్తా వాయువు కప్పిన కొలిమి అయిపోయింది. ఇది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రమాదం కాదు. టీఓఐ-700ను టెస్ పట్టికలో మొదట సూర్యుని పోలిన తారగా పొరపాటున నమోదు చేశారు, దానితో గ్రహాలు ఉన్నదానికంటే పెద్దవిగా, వేడిగా కనిపించాయి. ఆ పొరపాటును పట్టుకున్న కొద్దిమందిలో ఒక హైస్కూలు విద్యార్థి కూడా ఉన్నాడు. తార కొలతలను మొదటే, ఒకటికి రెండు పట్టికల్లో సరిచూసి రాసుకోమన్నది ఇందుకే. గ్రహం గురించి మనం చెప్పగలిగేదంతా తార గురించి మనకు తెలిసినదానిమీదే నిలబడుతుంది.

‘నివాసయోగ్యం’ అనే మాటను ఎంతవరకు వాడవచ్చు?

నివాసయోగ్య మండలంలో ఉండడమంటే తగినంత వెలుగు అందుతోందని మాత్రమే. వాతావరణం ఉందో లేదో ఆ లెక్క చెప్పదు. భూమికి వాతావరణం లేదనుకుని లెక్క కడితే సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు వస్తుంది, నిజానికి అది 15 డిగ్రీలు. శుక్రుని మేఘాలు సూర్యకాంతిలో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతాయి కాబట్టి అదే లెక్కలో శుక్రుడు భూమికంటే చల్లగా తేలుతాడు. కానీ అక్కడి నేలమీద వేడి 460 డిగ్రీలకు పైనే. అందువల్ల మీ నివేదికలో ఉష్ణోగ్రతకు బదులు అందే శక్తిని రాయడమే నిజాయితీ.

తార స్వభావాన్ని కూడా పక్కనే రాయండి. 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ తన గ్రహంమీద తరచుగా తీవ్రమైన జ్వాలలు కురిపిస్తుంది. టీఓఐ-700లో మాత్రం మొదటి ఏడాది టెస్ డేటాలో ఒక్క జ్వాలా కనిపించలేదు. ఇంత దగ్గరగా తిరిగే గ్రహాలు చంద్రుడు మనకు చూపినట్టు తారకు ఎప్పుడూ ఒకే ముఖం చూపే అవకాశం ఎక్కువ. వాతావరణం ఉందో లేదో పరీక్షించే పని జేమ్స్ వెబ్ దూరదర్శిని వంటివాటిది. ట్రాపిస్ట్-1 తార చుట్టూ తిరిగే ఏడు గ్రహాల్లో లోపలి రెండింటిని అది చూసినప్పుడు బొగ్గుపులుసు వాయువుతో నిండిన దట్టమైన వాతావరణం జాడ కనిపించలేదు.

గ్లీస్ 581 తార దగ్గర ‘జి’ అనే నివాసయోగ్య గ్రహం ఉందని 2010లో ప్రకటించినప్పుడు లోకమంతా సంతోషించింది. 2014లో వెలువడిన విశ్లేషణ ఆ సంకేతానికి తార ఉపరితలపు అలజడే కారణమని చూపింది. మీ సంకేతపు కాలం తార తనచుట్టూ తాను తిరిగే కాలానికి గానీ, దానిలో సగానికి గానీ దగ్గరగా ఉంటే ఆ ఉదంతాన్ని తలచుకుని ఆగండి.

దొరికినదాన్ని ఎవరికి, ఎలా చెప్పాలి?

పరీక్షలన్నీ దాటిన తరువాత కూడా మీ దగ్గర ఉన్నది గ్రహం కాదు, గ్రహ అభ్యర్థి. ముందుగా ఎక్సోఫాప్‌లో ఆ తార ఇప్పటికే నమోదై ఉందేమో చూడండి. లేకపోతే అక్కడ సభ్యులుగా చేరి సామాజిక అభ్యర్థిగా నమోదు చేయవచ్చు. ఒంటరిగా వెళ్లడానికి వెనుకాడేవారు ప్లానెట్ హంటర్స్ టెస్ ప్రాజెక్టులో చేరి, అక్కడి చర్చల్లో తమ గ్రాఫును అనుభవజ్ఞులకు చూపవచ్చు. 2010లో మొదలైన ప్లానెట్ హంటర్స్ కృషిలోనే, నాలుగు తారల కుటుంబంలో తిరిగే ఒక గ్రహాన్ని సామాన్య ఔత్సాహికులు 2012లో వెలుగులోకి తెచ్చారు.

ఆరంగుళాల దూరదర్శిని ఉన్నవారు నాసా వారి ఎక్సోప్లానెట్ వాచ్‌లో పాల్గొనవచ్చు. భూమి అంత గ్రహపు గుంట దానికి అందదు, కానీ వెలుగును 2.4 శాతం తగ్గించే హెచ్‌డీ 189733 బి వంటి భారీ గ్రహాలతో సాధన చేస్తే, అనుమానం ఉన్న అభ్యర్థి పక్క తారల్లో గ్రహణ జంటలేవైనా దాగి ఉన్నాయేమో కనిపెట్టే నేర్పు వస్తుంది.

నివేదికలో తార సంఖ్య, పరిభ్రమణ కాలం, మొదటి ట్రాన్సిట్ నడిమి సమయం, లోతు, నిడివి, వాడిన సెక్టార్లు, చదును చేసిన నిడివి, చేసిన ప్రతి పరీక్ష ఫలితం ఉండాలి. నెగ్గని పరీక్షనూ దాచవద్దు. ప్రతి అంకె పక్కనా దాని అనిశ్చితిని రాయండి. ముఖ్యంగా కాలంలోని అనిశ్చితిని మొదటి ట్రాన్సిట్ నుంచి గడిచే పరిభ్రమణల సంఖ్యతో గుణించి, తరువాతి ట్రాన్సిట్ ఏ రోజు, ఏ గంటకు, ఎన్ని నిమిషాలు అటూ ఇటూగా జరుగుతుందో లెక్కకట్టి ఇవ్వండి. టీఓఐ-700 డి విషయంలో టెస్ డేటాతోనే ఆగిపోకుండా, స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శినిని ముందుగా లెక్కకట్టిన సమయానికి ఆ తార వైపు తిప్పారు. గుంట అక్కడే కనిపించింది.